రెండు పక్కలూ ఒకేలా ఉండని చొక్కా

బడిపిల్లల యూనిఫారాలు కుట్టే కార్ఖానాలో ఆమె పద్నాలుగేళ్లు కటింగ్ బల్ల దగ్గర నిలబడి పనిచేసింది. కొలబద్ద అన్న పేరు అక్కడే పడింది. చొక్కా జేబు పావు అంగుళం పక్కకు జరిగినా గదికి ఆ చివర నుంచే పసిగట్టేది. అనుమానం వచ్చి టేపు పెట్టి చూసినవాళ్లు నోరు మూసుకుని కుట్లు విప్పుకునేవాళ్లు. ఎవరింటికైనా వెళ్తే గోడమీద పటం వంకర సరిచేశాకే కుర్చీలో కూర్చునేది.

ఆమె భర్త మొదటిసారి కార్ఖానాకు వచ్చింది కాలిపోయిన మిషను మోటారు విప్పడానికి. అతను సంచిలోంచి స్క్రూడ్రైవరు తీయకముందే ఆమె, "మీ కాలరు ఎడమ కొన పొడుగైంది," అంది.

"మిగతాదంతా సమానంగానే ఉందా?" అని అడిగాడతను.

ఆమెకు నవ్వాగలేదు. ఆ మోటారు గంటలో అయిపోయే పని. అతను నాలుగు రోజులు వచ్చాడు.

కార్ఖానా మూతపడ్డాక ఆమె ఇంట్లోనే మిషను వేసుకుంది. రెండో అంతస్తులో రెండు గదులు, ఒక వంటగది. ముందుగదిలో కిటికీ పక్కన మిషను, గోడకు ఆనించి కటింగ్ బల్ల, మూలన కుట్టినవి తొడిగి చూడటానికి దూది కూరిన ఆడబొమ్మ. గుడ్డ అంచులు బిగించే ఓవర్‌లాక్ మిషను మాత్రం వంటగదిలో ఉండేది, దానికి సరిపడే ప్లగ్గు అక్కడే ఉంది కాబట్టి. కూర తాలింపు వేసేటప్పుడు చుట్టుపక్కల గుడ్డ ఉండకూడదని ఇంట్లో అందరికీ గట్టి ఆజ్ఞ. భర్తకు కింద వీధిలోనే మోటారు వైండింగు షాపు. అత్తగారు, ఆడపడుచు వెనకవీధిలో ఉండేవాళ్లు.

ఆ ఆడపడుచు బడిలో డ్రిల్లు టీచరు. పెళ్లి చేసుకోలేదు. "నా ఈలకు భయపడనివాడు దొరికితే చూద్దాం," అనేది. పొద్దున్నే నాలుగు వందల మంది పిల్లల ముందు ఎత్తైన గట్టుమీద నిలబడి చేతులెత్తితే చివరి వరసలో వాళ్లకు కూడా వేలి కొన కనబడాలన్నది ఆమె పట్టుదల. వదిన మిషను పక్కన ఎత్తుపీట మీద కూర్చుని టీ తాగుతూ, వదిన కుట్టే గుడ్డల మీద వంకలు వెతకడం ఆమెకు సాయంకాలపు కాలక్షేపం. వంకలు దొరకవు. అదే ఆమె ఫిర్యాదు.

ఆడపడుచుకు నలభై రెండో ఏట ఎడమ రొమ్ములో గడ్డ కనిపించింది. ఆపరేషను చేసి రొమ్ము తీసేశారు. ఆసుపత్రిలో పదకొండు రోజులు వదినే పక్కన ఉంది. జబ్బు ముదరకముందే దొరికిందని, ఇక భయం లేదని డాక్టరు చెప్పింది. ఇంటికి పంపేటప్పుడు నర్సు ఒక మెత్త ఇచ్చి, లోపల పెట్టుకుంటే ఎవరికీ తేడా తెలియదంది.

నాలుగు నెలలకు డ్రిల్లు టీచరు బడికి వెళ్లింది. మూడో రోజు ఉదయం గట్టుమీద నిలబడి, చేతులు పైకెత్తి గెంతే వ్యాయామం చేయిస్తుంటే ఆ మెత్త జారి, చొక్కా అంచు కిందనుంచి బయటపడి, గట్టు దాటి నేలమీద పడింది. మొదటి వరసలో ఉన్న చిన్నపిల్ల ఒకతె దాన్ని తీసి, దుమ్ము దులిపి, "మేడమ్, మీది పడిపోయింది," అని రెండు చేతులతో అందించింది. ఆ పిల్ల నవ్వలేదు. వెనక వరసల్లో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు ముందుకు పాకింది.

డ్రిల్లు టీచరు మెత్తను ప్యాంటు జేబులో పెట్టుకుంది. ఇరవై దాకా లెక్కపెట్టాల్సిన వ్యాయామం పదకొండు దగ్గర ఆగింది. పన్నెండు నుంచి అందుకుని ఇరవై వరకూ పూర్తిచేసింది. పిల్లల్ని తరగతులకు పంపింది. నేరుగా ఇంటికొచ్చి మంచం ఎక్కింది. ఇక బడికి వెళ్లలేదు.

అత్తగారు కబురు చేస్తే కొలబద్ద కత్తెర చేతిలోనే పట్టుకుని పరుగెత్తింది.

"వదులు చొక్కా వేసుకుని, పైన శాలువా కప్పుకుని, ఆఫీసులో కూర్చునే పనేదైనా అడగమంటే వినదమ్మాయ్," అని అత్తగారు గుమ్మంలోనే మొదలుపెట్టింది.

"నేను కుర్చీలో కూర్చోవడానికి పుట్టలేదమ్మా," అంది లోపలినుంచి గొంతు. ఆ గొంతులో ఈల లేదు.

మంచం పక్కన కూర్చున్నాక ఆడపడుచు పైకప్పు వంకే చూస్తూ చెప్పింది. "ఆ దూదిమూట నాకొద్దు వదినా. చెమటకు తడిసి ముద్దవుతుంది, కుట్ల దగ్గర ఒరుసుకుంటుంది. లోపల ఏమీ పెట్టుకోను. ఏమీ పెట్టుకోకుండానే నలుగురి ముందు చేతులెత్తాలి. అలాంటి చొక్కా కుట్టగలవా? కుట్టలేకపోతే ఇప్పుడే చెప్పేయ్."

"కుడతాను," అంది కొలబద్ద. ఎలాగో ఆమెకు తెలియదు. కానీ అనేసింది.

బడినుంచి ఉత్తరం కూడా వచ్చి ఉంది. ఆరు వారాల్లో ఆటల పోటీలు. ఈలోగా రాలేకపోతే పిల్లల కవాతుకు ఇంకొకరిని పెడతామని, ఆమెకు ఇష్టమైతే స్టోరుగది రిజిస్టరు చూసుకోవచ్చని పెద్దమేడమ్ మర్యాదగానే రాసింది. ఆ మర్యాదకే డ్రిల్లు టీచరుకు ఒళ్లు మండింది.

కొలబద్దకు తెలిసిన విద్య ఒకటే, రెండు పక్కల్ని సమానం చేయడం. మొదటి చొక్కాకు ఎడమవైపు కుచ్చులు పెట్టి నిండుగా కనిపించేలా చేసింది. నిలబడితే బాగానే ఉంది. చేతులెత్తగానే కుచ్చులు సాగి, కింద పల్లం బయటపడింది. రెండోది బాగా వదులుగా కుట్టింది. మేడమీదకు తీసుకెళ్లి నిలబెడితే గాలికి ఒంటికంటుకుని మొత్తం చెప్పేసింది. మూడోది ముదురు రంగులో, లోపల గట్టిగుడ్డ వేసి కుట్టింది. అందులో డ్రిల్లు టీచరు అట్టపెట్టెలో దిగినట్టు ఉంది.

"నువ్వు ఎంత సమానం చేద్దామని చూస్తే అంత తేడా కనబడుతోంది వదినా," అంది ఆమె చొక్కా విప్పుతూ. నెమ్మదిగానే అంది. అయినా కొలబద్దకు తల కొట్టేసినట్టయింది. వారంన్నర గడిచిపోయింది అప్పటికి.

ఆ రోజుల్లోనే ఎదురింటి మొదటి అంతస్తులో ఉండే పెయింటరు తాత తన పాత చొక్కా ఇచ్చి కాలరు తిరగేసి కుట్టమన్నాడు. ఆయన ఒకప్పుడు షాపులకు బోర్డులు రాసేవాడు. చెయ్యి వణకడం మొదలయ్యాక మానేశాడు. కొలబద్ద చొక్కా ఇవ్వడానికి వెళ్లి, అలవాటు కొద్దీ గోడమీద వంకరగా ఉన్న ఫోటోను సరిచేయబోయి ఆగిపోయింది.

పాత ఫోటో అది. రేవులో పెద్ద ఓడ. దాని ఒళ్లంతా నల్లవీ తెల్లవీ చారలు, అడ్డదిడ్డంగా, మూలలు మూలలుగా. ఫోటో సరిగ్గా ఉందో, ఓడ వంకరగా ఉందో ఆమె కంటికి అంతుపట్టలేదు. అలా అంతుపట్టకపోవడం ఆమెకు అదే మొదటిసారి.

"ఇదేంటి తాతగారూ, ఓడకు చారల చొక్కా తొడిగారు?"

"తొడిగినవాళ్లలో మా నాన్న ఒకడు," అన్నాడు తాత హుషారుగా. ఆ ఫోటో గురించి అడిగినవాళ్లు లేక చాలా కాలమైనట్టుంది. "యుద్ధంలో ఓడలకు రంగులు వేసేవాడు. చెప్పు చూద్దాం, ఓడ ఎటు పోతోంది?"

"ఇటు... కాదు, ఇటు." ఆమె వేలు గాల్లో ఆగిపోయింది.

"అదీ సంగతి!" తాత తొడ చరుచుకున్నాడు. "సముద్రం మీద ఓడను దాచలేరమ్మాయ్. ఆకాశం గంటకో రంగు మారుతుంది. దాగినా పొగ పట్టిచ్చేస్తుంది. అందుకని దాచే ప్రయత్నం మానేశారు. శత్రువు నీళ్లకింద జలాంతర్గామిలో ఉంటాడు. గొట్టంలోంచి చూస్తాడు. వాడు టార్పెడో వదలాల్సింది ఓడ ఇప్పుడున్న చోటికి కాదు, టార్పెడో వెళ్లేసరికి ఓడ ఎక్కడ ఉంటుందో అక్కడికి. అంటే ఎటు పోతోంది, ఎంత జోరుగా పోతోంది, ఇదంతా వాడు లెక్కకట్టాలి. ఆ లెక్క తప్పించడానికే ఈ చారలు. మూల ఉన్నచోట లేనట్టు, లేనిచోట ఉన్నట్టు."

"అవతలి పక్క కూడా ఇలాగేనా?"

"చాల్లే! ఇవతలి పక్కకు ఒకటి, అవతలి పక్కకు ఇంకొకటి. రెండూ ఒకేలా ఉంటే చూసినవాడికి పని సులువైపోదూ? ముందు బుల్లి చెక్క ఓడ చేసి దానిమీద వేసేవాళ్లట. తిరిగే బల్లమీద పెట్టి గొట్టంలోంచి చూసేవాళ్లట. చూసేవాణ్ణి బాగా తికమక పెట్టిన రంగే అసలు ఓడకు వేసేవాళ్లు."

కొలబద్ద ఆ ఫోటో ముందే కుర్చీ లాక్కుని కూర్చుంది. "మరి పని చేసిందా తాతగారూ?"

తాత పెదవి విరిచాడు. "అది ఎవరూ గట్టిగా చెప్పలేకపోయారమ్మాయ్. మునిగినవి మునిగాయి, బయటపడ్డవి పడ్డాయి. చారల వల్లేనా అంటే ఏం చెప్తాం? కానీ అలాంటి ఓడ ఎక్కడానికి నావికులు ఇష్టపడేవాళ్లని మా నాన్న అనేవాడు."

ఇంటికొచ్చి ఆమె మూలనున్న ఆడబొమ్మను కటింగ్ బల్లమీద పడుకోబెట్టింది. పదకొండేళ్లుగా ఆ బొమ్మమీదే కుట్టింది. పెద్ద కత్తెర తీసుకుని ఎడమ రొమ్ము మీద గుడ్డ కోసి, లోపలి దూది పిడికిళ్లతో బయటికి తీసి, చదును చేసి, కోసిన గుడ్డను పక్కనుంచి చంకదాకా అడ్డంగా కుట్టేసింది. ఆసుపత్రిలో కట్టు మార్చేటప్పుడు తాను చూసిన కుట్టు ఎక్కడ ఉందో సరిగ్గా అక్కడ.

అన్నం తినడానికి వచ్చిన భర్త గుమ్మంలో ఆగిపోయాడు. చెల్లెలికి ఆపరేషను అయినప్పటినుంచి అతను ఆమె మొహం చూడగలిగాడే కానీ మొహం దిగి చూపు కిందికి పోనివ్వలేదు. ఇప్పుడు బొమ్మను చూశాడు. వంగి, నేలమీద పడ్డ దూదంతా ఏరి సంచిలో పెట్టాడు.

"దీన్ని మెల్లగా తిప్పాలి," అంది ఆమె. "తిప్పుతుంటే నేను దూరం నుంచి చూడాలి. ఏదైనా చేయగలరా?"

"ఎంత మెల్లగా?"

"మనిషి వెనక్కి తిరిగినంత."

మర్నాటికి పాత టేబుల్ ఫ్యాను గేర్లతో ఒక తిరిగే పీట చేసి తెచ్చాడు. అది తిరిగేటప్పుడు కీచుమనేది. రెండు చుక్కలు నూనె వేస్తే మూలిగేది. అంతకన్నా బాగుపడలేదు.

చూడటానికి గొట్టం కావాలి. గుడ్డ చుట్టి వచ్చే అట్టగొట్టాలు ఇంట్లో ఉన్నాయి. ఇక చూసేవాళ్లు కావాలి.

"అత్తయ్యా, మీరు శత్రువు," అంది కొలబద్ద, గొట్టం ఆవిడ చేతికిస్తూ.

"ఇన్నేళ్లకు నోరు తెరిచి చెప్పావు తల్లీ," అంది అత్తగారు.

గుమ్మం బయట, మెట్లమీద కుర్చీ వేసి ఆవిణ్ణి కూర్చోబెట్టారు. కొలబద్ద దగ్గర యూనిఫారాల నాటి ముదురు నీలం గుడ్డ, తెల్లగుడ్డ తానుల కొద్దీ మిగిలి ఉన్నాయి. వాటినుంచి చారలు కోసి బొమ్మమీద గుండుసూదులతో గుచ్చి, పీట తిప్పి, "మీ కన్ను ముందు ఎక్కడికి పోయింది?" అని అడిగేది.

మొదట సన్నటి చారలు వేసింది. "కళ్లు తిరుగుతున్నాయమ్మాయ్. అయినా ఆ పల్లం కనబడుతూనే ఉంది," అంది అత్తగారు. పెయింటరు తాతను పిలిస్తే, ఆయన మెట్లెక్కి వచ్చి గొట్టం పట్టుకోకుండానే తప్పు చెప్పాడు. "సన్నచారలు దూరానికి కలిసిపోతాయి. మీ పిల్లలు ఎంత దూరంలో నిలబడతారు? అంత దూరానికి తగ్గ పెద్ద ముక్కలు వెయ్యి."

పెద్ద అడ్డచారలు వేసింది. ఇది ఇంకా అన్యాయం. రొమ్ము ఉన్నవైపు గీత పైకి లేచి, లేనివైపుకు రాగానే కిందికి కుంగింది. "ఆ గీత గుంటలో పడింది చూడు," అని అత్తగారు వేలు పెట్టి చూపించింది. ఆ మాటతో కొలబద్దకు దారి కనబడింది. ఒక పక్కనుంచి ఇంకో పక్కకు తెగకుండా పోయే గీత ఏదైనా సరే, ఒంటి ఎత్తుపల్లాలన్నీ బయటపెడుతుంది. అయితే ఆ పల్లం మీదుగా ఒక్క గీత కూడా పూర్తిగా పోకూడదు. అక్కడికి రాకముందే తెగాలి, వేరే గీత వేరే దిక్కునుంచి మొదలవ్వాలి.

కుడి భుజం నుంచి ఎడమ నడుము దాకా ఒక పెద్ద నీలం మేకులాంటి ముక్క దింపింది. ఎడమ చంక కిందనుంచి మూడు తెల్లముక్కలు దానికి ఎదురుగా ఎక్కించింది, మూడూ మూడు వాలుల్లో. లేని మూల ఒకటి పక్కటెముకల మీద పుట్టించింది. గొట్టంలోంచి చూస్తే కన్ను భుజం మీద మొదలై నడుము దగ్గర తేలుతోంది. మధ్యలో ఎక్కడా ఆగడం లేదు.

చూడటం వేరు, కుట్టడం వేరు. ఎడమవైపు ముక్క కోసేటప్పుడు ఆమె చెయ్యి తెలియకుండానే కుడివైపు దానికి జోడీ కోసేసేది. ఒకసారి కాదు, మూడుసార్లు విప్పింది. పద్నాలుగేళ్ల అలవాటు వేళ్లలో ఉడుంపట్టు పట్టి కూర్చుంది. చివరికి కుట్టిన సగాన్ని వార్తాపత్రికతో కప్పేసి, కంటికి కనబడకుండా చేసుకుని రెండో సగం కుట్టింది. భర్త అన్నం పళ్లెం తెచ్చి పక్కన పెడితే, "అడ్డు తీయకండి, అది కనబడితే చెడగొడతాను," అంది. పళ్లెం చల్లారిపోయింది.

చొక్కా పూర్తయ్యేసరికి పోటీలకు పన్నెండు రోజులుంది.

డ్రిల్లు టీచరు దాన్ని చేతుల్లోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. మొహం గంటు పెట్టుకుంది. "ఇది వేసుకుంటే ఊళ్లో ఉన్న కళ్లన్నీ నామీదే పడతాయి వదినా. నేనడిగింది ఇదా?"

"కళ్లు నీమీద పడవని ఎవరు చెప్పారు? గట్టెక్కి ఈల వేసేదానివి. పడతాయి. పడ్డాక ఎటు పోవాలో ఈ చొక్కా చెబుతుంది. కళ్లే పడకూడదంటే మీ అమ్మ దగ్గర శాలువా ఉంది, కప్పుకో."

ఆ మాట కొంచెం ఘాటుగానే వచ్చింది. డ్రిల్లు టీచరు లోపలికి వెళ్లి వేసుకుని వచ్చింది. లోపల ఏమీ లేదు. అద్దం ముందు నిలబడి చేతులు పైకెత్తింది. దించింది. మళ్లీ ఎత్తింది. పక్కకు తిరిగింది, గెంతింది. కొలబద్ద చొక్కా అతుకుల వంకే చూస్తోంది.

"చంక కింద పట్టేస్తోంది," అంది డ్రిల్లు టీచరు.

"ఎంత?"

"అర అంగుళం."

ఆడపడుచు దొరక్క దొరక్క ఒక వంక పట్టుకుంది. కొలబద్దకు ఏడుపొచ్చింది, నవ్వొచ్చింది. "విప్పు, వదులు చేస్తాను," అంటూ మొహం తిప్పుకుంది.

ఇక పెద్దమేడమ్ ఒకావిడ మిగిలింది. బడిలో డ్రిల్లు టీచర్లకు తెల్లచొక్కా నియమం. డ్రిల్లు టీచరు ఫోను చేసి అడిగితే ఆవిడ వీల్లేదంది. నియమం ఒకరికోసం మారిస్తే రేపు అందరూ అడుగుతారంది.

కొలబద్ద వాదించలేదు. మర్నాడు భర్త చేత ఆడబొమ్మను, తిరిగే పీటను తోపుడుబండి మీద పెట్టించుకుని బడికి వెళ్లింది. వరండాలో పిల్లలు నోళ్లు వెళ్లబెట్టుకుని చూస్తుంటే బొమ్మను చంకన పెట్టుకుని ఆఫీసు గదిలోకి నడిచింది.

"ఏమిటమ్మా ఇది?" పెద్దమేడమ్ కుర్చీలోంచి సగం లేచింది.

"రెండు నిమిషాలు మేడమ్. ఈ గొట్టంలోంచి చూడండి, చాలు. మీరు ఇష్టం లేదంటే ఇలాగే తీసుకెళ్లిపోతాను."

మొదట బొమ్మకు తెల్లచొక్కా తొడిగి పీట తిప్పింది. పీట మూలుగుతూ తిరిగింది. పెద్దమేడమ్ గొట్టంలోంచి చూసి, చప్పున కిందికి దించేసింది. చూడకూడనిది చూసినట్టు కాగితాలు సర్దుకుంది. కొలబద్ద తెల్లచొక్కా తీసి నీలం తెలుపు ముక్కల చొక్కా తొడిగి మళ్లీ తిప్పింది. ఈసారి ఆవిడ గొట్టం చాలాసేపు దించలేదు.

"ఇది కూడా అలాగే ఉందా, లోపల?" అని అడిగింది.

"అదే బొమ్మ మేడమ్. మీ ముందే కదా మార్చాను."

పెద్దమేడమ్ గొట్టం బల్లమీద పెట్టింది. "కాలరైనా తెల్లగా ఉండాలి," అంది.

"ఉంటుంది మేడమ్."

సోమవారం ఉదయం డ్రిల్లు టీచరు గట్టెక్కింది. కొలబద్ద కాంపౌండు గోడ బయట, గేటు ఊచలు పట్టుకుని నిలబడింది. లోపలికి రమ్మంటే రానంది. పిల్లలు చొక్కాను చూసి గుసగుసలాడుకున్నారు. వేళ్లు కూడా చూపించుకున్నారు. ఈల మోగింది. ఎప్పటిలాగే, చెవులు చిల్లులు పడేలా. చేతులు పైకి లేచాయి. ఎవరూ నవ్వలేదు. అంటే, అప్పటికి నవ్వలేదు.

తర్వాత ఆమె కుడికి తిరిగి చూపించి, "తిరుగు!" అంది. ముందు వరసలు కుడికి తిరిగాయి. వెనక వరసల్లో సగం మంది ఎడమకు తిరిగారు. ఎదురెదురుగా నిలబడి ఒకరినొకరు చూసుకుని పకపకా నవ్వారు. ఇంకోసారి చేయిస్తే ఈసారి ఎడమకు తిరగాల్సినవాళ్లు కుడికి తిరిగారు. వెనకనుంచి ఒక గొంతు, "మేడమ్, మీరు ఎటు తిరుగుతున్నారో తెలియట్లేదు!" అని అరిచింది.

గేటు దగ్గర కొలబద్ద నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. గట్టుమీద డ్రిల్లు టీచరు తన చొక్కా వంక చూసుకుంది. అప్పుడు ఆమె నవ్వింది. ఆపరేషను తర్వాత అంత గట్టిగా నవ్వడం అదే మొదలు. పిల్లలకు ఇంకా అలుసైంది. ఆ పూట కవాతు కాస్తా జాతర అయిపోయింది.

"నీ చొక్కా శత్రువుల్ని, మిత్రుల్ని కలిపి తిప్పేసింది వదినా," అని సాయంత్రం ఎత్తుపీట మీద కూర్చుని చెప్పింది. "పోటీలకు ఇంక తొమ్మిది రోజులుంది. ఈ పిల్లలు ఇలాగే తిరిగితే నా పరువు పోతుంది."

కొలబద్ద ఎర్రగుడ్డ వెతికి, కుడి చేతికి మోచేతి పైన నాలుగు వేళ్ల వెడల్పు పట్టీ కుట్టింది. ఎడమ చేతికి కుట్టలేదు. అక్కడ కూడా ఒకటి కుట్టేయాలని చెయ్యి లాగిందట. తర్వాత ఆమే చెప్పింది. ఆ మర్నాటినుంచి పిల్లలు ఎర్రపట్టీ చూసి తిరిగారు. పోటీల రోజు కవాతులో బడికి రెండో స్థానం వచ్చింది. మొదటి స్థానం రాలేదని డ్రిల్లు టీచరు వారం రోజులు పిల్లల్ని సాధించింది.

ఆసుపత్రిలో మెత్త ఇచ్చిన నర్సు పరీక్షకు వచ్చిన డ్రిల్లు టీచరు ఒంటిమీద ఆ చొక్కా చూసింది. వేలితో ముక్కల అంచులు తడిమి, ఎవరు కుట్టారని అడిగింది. నెల తిరక్కుండా ఒకామె మెట్లెక్కి వచ్చింది. బ్యాంకు కౌంటరులో పనిచేసేది. తర్వాత ఇంకొకామె. కొలబద్ద ఎవరికీ పాత కొలతలు వాడలేదు. బ్యాంకామెను జనం రెండు మూరల దూరం నుంచి చూస్తారు, కాబట్టి ఆమెకు చిన్నముక్కలు సరిపోయాయి. చెరువులో ఈతకు వెళ్లే ఒక పెద్దావిడకు తడిసినా సాగని గుడ్డ వెతకడానికి నెల పట్టింది. ఆడబొమ్మను ఎన్నిసార్లు విప్పి, ఒకవైపు నింపి, ఇంకోవైపు ఖాళీ చేసిందో లెక్కలేదు. చివరికి దాని గుడ్డంతా అతుకులే. పెయింటరు తాత అప్పుడప్పుడు వచ్చి, వణికే చేతిలో సుద్దముక్క పట్టుకుని గుడ్డమీద గీతలు గీసేవాడు. ఆ వణుకు కూడా మంచిదే అయింది, గీత ఎక్కడికి పోతుందో ఎవరికీ తెలియదు కదా అని తనమీద తానే వేళాకోళం ఆడుకునేవాడు.

ఒక దుకాణం వాళ్లు వచ్చి అదే నమూనా చొక్కాలు వందలకొద్దీ కుట్టిమ్మన్నారు. "ఏ మనిషికి?" అని ఆమె అడిగింది. మనిషి ఎవరైతేనేం, అన్ని సైజుల్లోనూ కావాలన్నారు. మనిషి లేకుండా చారలు ఎక్కడ తెంచాలో తనకు తెలియదని చెప్పి పంపేసింది. భర్త కూడా ఒకసారి ఆలోచించమన్నాడు. ఆమె చెవిన వేసుకోలేదు.

రెండేళ్ల తర్వాత ఒక సాయంత్రం డ్రిల్లు టీచరు వచ్చి టీ అందుకుంటూ, "వదినా, ఇవాళ పొద్దున్న నీ చొక్కా ఉతుకులో ఉంటే పాత తెల్లది తగిలించుకుని పోయాను. ఏం వేసుకున్నానో మూడో పీరియడు దాకా గుర్తే రాలేదు," అంది.

కొలబద్ద మిషను ఆపింది. "ఎవరైనా ఏమైనా అన్నారా?"

"గమనించినవాళ్లు గమనించే ఉంటారు. నాకు పట్టలేదు."

"అయితే ఇక నా చొక్కా అక్కర్లేదన్నమాట."

"అదిగో, అప్పుడే మూతి ముడుచుకుంది. అక్కర్లేకపోవడమేమిటి? అది లేకపోతే కుడి ఎడమ ఎవరు చెబుతారు పిల్లలకు? మోచెయ్యి చిరిగింది, అది చూడు ముందు."

కొలబద్ద ఆడపడుచు సంచిలోంచి తీసిన చొక్కా అందుకుని చిరుగు వెలుగుకు పట్టి చూసింది. కాసేపు ఆ నీలం మేకు మీద చెయ్యి వేసి ఊరుకుంది. సంతోషమో ఉక్రోషమో ఆమెకే తెలియలేదు. తర్వాత సూదిలో దారం ఎక్కించింది.

అప్పుడే తలుపు దగ్గర ఎవరో దగ్గారు. వీధి చివర బేకరీలో రొట్టెలు కాల్చే మనిషి. పొయ్యి ప్రమాదంలో కాలి, అతని కుడి భుజం కిందికి జారిపోయింది. అప్పటినుంచి కౌంటరు దగ్గరకు రాకుండా వెనకగదిలోనే ఉంటున్నాడని వీధిలో అందరికీ తెలుసు. గుమ్మం మీద ఒక కాలు, మెట్టుమీద ఒక కాలు పెట్టుకుని, "ఇక్కడ... మగవాళ్లకు కూడా కుడతారా అమ్మా?" అని అడిగాడు.

డ్రిల్లు టీచరు ఎత్తుపీట దిగి, దాన్ని అతనివైపు జరిపింది.

"లోపలికి రండి," అంది కొలబద్ద, మెడలో ఉన్న టేపు తీస్తూ. "కౌంటరు దగ్గర మిమ్మల్ని జనం ఎంత దూరం నుంచి చూస్తారో ముందు అది చెప్పండి."